మాట అయ్యేదాకా పాతవాడే

నగరపాలక సంస్థ పౌరసేవా కేంద్రంలో ఉద్యోగులను కుర్చీలోంచి లేపకుండానే మార్చడం మొదలుపెట్టినప్పుడు, అందరికంటే ముందు మార్చింది రెండో కౌంటర్లో కూర్చునే సీతాపతి తటపటాయింపును. టీ వచ్చే వేళకు కాస్త ముందు, అతను పని చేసుకుంటూ ఉండగా అది జరిగింది. అతనికి నొప్పి తెలియలేదు. కళ్లజోడు తీసి ఒకసారి తుడుచుకున్నాడు, అంతే.

అంతకు ముందు చాలా ఏళ్లు, కేంద్రం వెబ్‌సైటులో ఏ చిన్న మార్పు చేయాలన్నా సర్వర్‌ను ఆపవలసి వచ్చేది. ఆపిన ప్రతిసారీ గాజు తలుపు మీద 'సర్వర్ పనిచేయుట లేదు' అన్న కాగితం అంటించేవారు. సర్వర్ పనిచేసే రోజుల్లో కూడా దాన్ని తీయడం మరిచిపోయేవారు. జనం దాన్ని చదివి, తిట్టుకుని, లోపలికే వచ్చేవారు. తరవాత సాంకేతిక విభాగంవాళ్లు, నడుస్తున్న సర్వర్‌ను నడుస్తూ ఉండగానే మార్చడం నేర్చుకున్నారు. పాత కోడ్ పక్కనే కొత్త కోడ్ ఎక్కిస్తారు. అప్పటికే లోపలికి వచ్చిన దరఖాస్తులు పాత కోడ్‌తోనే పూర్తవుతాయి. కొత్తగా వచ్చేవి కొత్తదానికి వెళతాయి. చివరి పాత దరఖాస్తు ముగియగానే పాత కోడ్ దానంతట అదే ఖాళీ అయిపోతుంది. బయట వేచి ఉన్నవాడికి ఏమీ తెలియదు.

వెబ్‌సైటులో పడిన దరఖాస్తు చివరికి ఏదో ఒక కౌంటర్లో, ఎవరో ఒక మనిషి ముందు ఆగుతుంది. ఆ మనిషి మారకుండా కోడ్ ఒక్కటే మారితే ప్రయోజనం లేదని సంస్థ గ్రహించింది. మనిషికి శిక్షణ ఇవ్వాలంటే కౌంటర్ మూయాలి. మూస్తే మళ్లీ తలుపు మీద కాగితం అంటించాలి. అందుచేత సర్వర్‌కు వాడిన పద్ధతినే సిబ్బందికీ వాడారు. కమిటీ సమావేశంలో ఒక సభ్యుడు మాత్రం, మారినవాళ్లు ఇంటికి వెళ్లి పెళ్లాం బిడ్డలను గుర్తుపడతారా అని అడిగాడు. పడతారని సమాధానం వచ్చింది. జ్ఞాపకాలను ఎవరూ ముట్టుకోరు. పేర్లు, ముఖాలు, చిన్నప్పటి సంగతులు, ఇంటి దారి, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని చూసి మనిషి ఏం చేస్తాడన్నది మాత్రమే మారుతుంది. సభ్యుడు తృప్తిపడి బిస్కెట్ తీసుకున్నాడు.

సీతాపతిని మార్చిన పూట అతని ముందు ఒక ముసలాయన ఉన్నాడు. భార్య పోయిన ధ్రువపత్రం కోసం వచ్చాడు. ఆస్పత్రి కాగితంలో ఆవిడ పేరు నూకాలమ్మ. ఆధార్‌లో నూకరత్నం.

"రెండూ ఆవిడేనండి, ఆయ్. మనిషి ఒక్కత్తేనండి బాబూ" అన్నాడు ముసలాయన.

సీతాపతి వేలు 'తిరస్కరించు' అన్న బటన్ మీదికి వెళ్లి, దానికి కొంచెం పైన ఆగింది. అతని వేలు ఎప్పుడూ అక్కడే ఆగేది. అది అలా గాలిలో ఉన్న కాసేపట్లో వచ్చినవాళ్లకు ఇంట్లో ఉన్న ఇంకో కాగితం గుర్తొచ్చేది. లేదా సీతాపతికే ఏదో ఒక దారి తోచేది. ఆ కాసేపటి వల్లే రెండో కౌంటర్ మిగతావాటికంటే వెనకబడుతోందని సాంకేతిక విభాగం లెక్క తేల్చింది.

"ఏమోనండీ, రేషన్ కార్డులో ఎలా రాశారో చూసి తెస్తారా? నేనుంటాను" అన్నాడు సీతాపతి.

ముసలాయన కార్డుకోసం వెళ్లాడు. అతను వెళ్లి వచ్చేలోగా మార్పు జరిగిపోయింది. తరవాత వచ్చిన ఆడమనిషిదీ పేర్ల తేడాయే. ఆమె చెప్పడం పూర్తికాకముందే సీతాపతి బటన్ నొక్కి, మర్యాదగా, "తిరస్కరించబడిందండి, పక్కకు జరగండి" అన్నాడు. అంతలో ముసలాయన రొప్పుతూ వచ్చాడు. సీతాపతి అతన్ని చూసి కుర్చీ చూపించాడు. "కూర్చోండి బాబాయ్, ఆయాసం తగ్గాక చూద్దాం" అన్నాడు. అతని వేలు మళ్లీ గాలిలో ఆగింది.

పక్క కౌంటర్ కొండబాబు ఇదంతా చూస్తున్నాడు. "ఏంటి గురువుగారూ, ఒకళ్లకి వాత, ఒకళ్లకి వెన్నా?"

"ఆయన ఇందాకే వచ్చారు కదా కొండబాబూ. ఆయన పని మొదలెట్టింది పాత నేను. ఆవిడ ఇప్పుడొచ్చింది."

"మరి నాతో మాట్లాడేదెవరు?"

"పాతవాణ్నే. పొద్దున్న మీ బండి స్టార్ట్ అవ్వట్లేదన్న సంగతి చెప్తున్నారు. ఆ మాట ఇంకా అవలేదు."

"అయితే ఈ జన్మకది స్టార్ట్ అవదు లెండి" అని కొండబాబు తన పనిలో పడ్డాడు.

సీతాపతి సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య హైమావతికి జరిగింది చెప్పాడు. ఆమె కూర తరుగుతూ విన్నది. అతని ముఖంలో ఏ తేడా కనిపించలేదు. అదే అంది.

"నీ దగ్గర తేడా ఉండదు. నువ్వు పొద్దున్న అడిగినదానికి నేను వచ్చాక చెప్తానన్నాను కదా. అది అయ్యేదాకా నీకు నేను పాతవాణ్నే" అన్నాడు సీతాపతి.

ఆమె అడిగింది వకుళ గురించి. వకుళ సీతాపతి చెల్లెలు. ముప్పై దాటాయి కానీ మనసు పసితనంలోనే ఆగిపోయింది. తల్లి పోయినప్పటినుంచి వీళ్ల దగ్గరే ఉంటోంది. ఊరి చివర అలాంటివాళ్లను చూసుకునే ఒక ఆశ్రమం ఉంది. అక్కడ చోటు ఖాళీ అయిందని, ఏదో ఒక మాట చెప్పమని వాళ్లు ఫోన్ చేశారు. ఏం చెబుదామని హైమావతి చాలా నెలలుగా అడుగుతోంది. సీతాపతి చాలా నెలలుగా వచ్చాక చెప్తానంటున్నాడు.

హైమావతికి తనేం కోరుకుంటోందో లోపల తెలుసు. వకుళకు స్నానం చేయించి, జడ వేసి, గేటు దాటకుండా కాపలా కాసి ఆమె అలిసిపోయింది. కానీ పంపిద్దాం అన్న మాట మొగుడి నోట రావాలి. తన కోరిక ఆయన నిర్ణయమై బయటపడాలి. ఆయన నానుస్తున్నకొద్దీ ఆమెకు విసుగొచ్చేది. ఆ విసుగు కిందనే ఒక నిశ్చింత కూడా ఉండేది. ఆయన చెప్పనంతకాలం తను మంచిదే.

అప్పుడే ఫోన్ మోగింది. సీతాపతి తీశాడు. ఆశ్రమంవాళ్లు. కొత్తగా మొదలైన సంభాషణ కాబట్టి కొత్త సీతాపతే మాట్లాడాడు.

"అలాగేనండి. పంపించేస్తాం. ఎల్లుండి తీసుకొస్తాం. బట్టలు ఎన్ని జతలు పెట్టమంటారు?" అని అడిగి, విని, పెట్టేశాడు. తరవాత భార్యవైపు తిరిగి, నుదురు రుద్దుకుంటూ, "ఏమో హైమా, నాకేం తోచట్లేదు. దాన్ని అక్కడ వదిలి నేను ఎలా తిరిగి రాను?" అన్నాడు.

హైమావతి చేతిలోని వంకాయ కత్తిపీట దగ్గర ఆగిపోయింది. ఆమె నెలలుగా వినాలనుకున్న మాట ఇప్పుడే విన్నది. ఎంత సులువుగా వచ్చిందో విన్నది. లేచి, చేయి కడుక్కోకుండానే ఆశ్రమానికి ఫోన్ చేసి, మా ఆయన తొందరపడ్డారండి, ఇంకా అనుకోలేదు అని చెప్పింది. ఆ రోజునుంచి ఇంట్లో ఫోన్ ఆమే తీసేది. ఏం చెప్తారండీ అని మళ్లీ అడగడం మానేసింది. అడిగితే ఎక్కడ చెప్పేస్తాడోనని భయం.

ఊరిలో మిగతా ఉద్యోగుల ఇళ్లలోనూ ఇదే జరిగిందని కొన్నాళ్లకు బయటపడింది. కౌంటర్ల దగ్గర అందరూ మారారు. పని చురుగ్గా సాగింది. కానీ సాంకేతిక విభాగం లెక్క ప్రకారం ఈపాటికి ఖాళీ అయిపోవలసిన పాత మనుషులు ఒక్కరూ ఖాళీ కాలేదు. కొత్తవాళ్ల పక్కనే పేరుకుపోయి, చోటు తినేస్తున్నారు. మార్పుల విభాగం అధికారిణి ప్రసన్నకుమారి కారణం వెతకడానికి తనే ఇళ్లకు తిరిగింది. పొద్దున్నే గుమ్మాల దగ్గర నిలబడి చూస్తే కారణం కనిపించింది. ఈ పద్ధతిని రాసినవాళ్లు, రెండు నోళ్ల మధ్య మొదలైన మాట ఎక్కడో అక్కడ ముగుస్తుందని అనుకుని రాశారు. ఇక్కడ ఇంట్లోంచి కదిలే ఏ మనిషీ వెళ్తున్నానని అనడు. వెళ్లొస్తానంటాడు. లోపలివాళ్లు కూడా వెళ్లిరమ్మంటారు తప్ప వెళ్లమనరు. ఆ లెక్కన ఈ ఊళ్లో పెళ్లినాడు మొదలైన మాటలు కూడా ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఉద్యోగులందరూ ఇకమీదట ఇల్లు కదిలేటప్పుడు స్పష్టంగా 'వెళ్తున్నాను' అనవలెనని సర్క్యులర్ వచ్చింది. మర్నాడు చాలామంది దాన్ని పాటించారు. పాటించినవాళ్లను ఇళ్లలోంచి వెనక్కి పిలిచి, అపశకునపు మాటేంటని తిట్టి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, వెళ్లొస్తాననిపించి పంపారు. ఆ రోజు అన్ని కౌంటర్లూ ఆలస్యంగా తెరుచుకున్నాయి. సర్క్యులర్‌ను వెనక్కి తీసుకున్నారు.

తరవాత కుటుంబాలవాళ్లను కేంద్రానికి పిలిచి, టీ ఇచ్చి, ప్రసన్నకుమారి మాట్లాడింది. ఆమె నెమ్మదైన మనిషి. ఎవరినీ బెదిరించలేదు. వచ్చే నెల మొదట్లో ఇంకో మార్పు వస్తోందని చెప్పింది. ఒక్కో మనిషిలో ఒకేసారి రెండు వెర్షన్లకే చోటుంటుంది. కొత్తది రాగానే ఇప్పటిది పాతదవుతుంది. ఇప్పటి పాతదాన్ని తీసేస్తారు.

"ఆ పాతాయనతో మాట మధ్యలో ఉన్నవాళ్లం మేమేం అవుతామండి?" అని అడిగింది హైమావతి.

"ఆ మాట ఆగిపోతుందమ్మా. దాన్ని ఎవరు పట్టుకుని ఉన్నారో, వాళ్లలో ఆ పట్టుకున్న భాగం కూడా దాంతో ఆగిపోతుంది. పద్ధతే అంత. మేం విడిగా చేసేదేం లేదు."

"ఎంత భాగమండి?"

"మనిషిని బట్టి. చాలామందిలో చిన్న ముక్క. తెలియను కూడా తెలియదు."

"సెలవు పెట్టి ఇంట్లో ఉంటే?"

"నడుస్తూ ఉండగానే మార్చేది కదా, మనిషి ఎక్కడున్నా వస్తుందమ్మా. మీరు చేయవలసిందల్లా, మొదలెట్టిన మాట ఈలోగా ముగించేసుకోవడం. అవునో కాదో, ఏదైనా ఫరవాలేదు. ముగిస్తే చాలు."

హైమావతి టీ తాగకుండానే ఇంటికి వచ్చింది. ఆమెకు తన సంగతి దిగులు లేదు. తను అడిగింది ఒక్క ప్రశ్న. అది తనలో ఎంత చోటు తీసుకుందో కొలుచుకోగలదు. ఆమె వకుళ గురించి ఆలోచిస్తోంది. సీతాపతి బడికి వెళ్లేటప్పుడు చెల్లెలికి వెళ్లొస్తానని చెప్పేవాడట. అప్పుడు మొదలైంది వకుళ మాట. నేటికీ అదే. అన్నయ్య ఇంట్లో లేకపోతే ఎప్పుడొస్తాడంటుంది. ఎదురుగా ఉంటే వచ్చావా అంటుంది. వచ్చానంటే, మళ్లీ ఎల్తావా అంటుంది. అన్నం తినేదీ, నిద్రపోయేదీ, గేటు దగ్గరికి పరిగెత్తేదీ ఆ మాటతోనే. ఆ మాట పట్టుకున్న భాగం పోతే వకుళలో మిగిలేది ఏమిటో హైమావతికి తోచలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని వకుళకు నేర్పడానికి చూసింది.

"అన్నయ్య వచ్చాడు. అయిపోయింది. అను, అయిపోయింది."

"ఏం అయిపోయింది వదినా?"

"నువ్వు అడిగింది. ఇంక అడగక్కర్లేదు."

వకుళ కాసేపు ఆలోచించింది. పక్కనే ఉన్న సీతాపతి చొక్కా పట్టుకుని లాగింది. "అన్నయ్యా, వదిన అయిపోయిందంటోంది. నువ్వు ఎల్లిపోతున్నావా?"

"లేదమ్మా, ఇక్కడే ఉన్నాను."

"రేపు ఎల్తావా?"

"వెళ్లొస్తాను."

"ఎప్పుడొస్తావు?"

హైమావతి భర్తను లోపలికి పిలిచింది. "అది ముగించదండీ. మీరే ముగించాలి. ఇంక రానని చెప్పండి ఒక్కసారి. ఏడుస్తుంది. ఏడ్చాక మర్చిపోయి మళ్లీ మొదలెడుతుంది, కొత్త మీతోనైనా సరే. అది మిగులుతుంది."

సీతాపతికి విషయం పూర్తిగా అర్థమైంది. వెళ్లి వకుళ ముందు కూర్చున్నాడు. నోరు తెరిచాడు. గది గుమ్మంలోంచి హైమావతి చూస్తోంది. అతని పెదవులు ఆ మాట దాకా వెళ్లి, కొంచెం ఇవతల ఆగాయి. వకుళ అతని నోటివైపే ఆశగా చూస్తోంది. అతను తల నిమిరి లేచాడు.

"రేపు చెప్తాను హైమా."

అతను రేపు కూడా చెప్పడని ఆమెకు తెలుసు. కొత్త సీతాపతి అయితే క్షణంలో చెప్పేసేవాడు. ఆ మాట చెప్పగలిగిన మనిషి అదే శరీరంలో, అదే చొక్కాలో, ఫోనుల్లోనూ కౌంటర్లోనూ రోజూ తిరుగుతున్నాడు. కానీ వకుళ ఎదుటికి అతను రాలేడు. వకుళకు ఎప్పుడూ పాతవాడే వస్తాడు. వకుళను ప్రేమించేది అతనే. ఇంతకాలం ఆ అమ్మాయిని ఆశ్రమానికి పోకుండా కాపాడిన తటపటాయింపే ఇప్పుడు ఆ అమ్మాయిని తీసుకుపోబోతోంది. హైమావతికి మొగుడి మీద కోపం రావలసింది. రాలేదు. ఇదివరకు కోపం ఉండేచోట చల్లగా ఉంది. ఇందులో తను చేయగలిగింది ఏమీ లేదన్న ఆలోచన వచ్చినప్పుడు, అది దుఃఖంలా రాలేదు. సెలవు దొరికినట్టు వచ్చింది. ఆమె ఆ ఆలోచనను వెనక్కి నెట్టలేదు.

కొత్త మార్పు వచ్చే రోజు పొద్దున, సీతాపతి క్యారేజీ సంచి తీసుకుంటుంటే, హైమావతి తన మాట ముగించింది.

"నేను ఆశ్రమం గురించి అడిగాను చూడండి. అది వదిలేయండి. మీరింక చెప్పక్కర్లేదు."

సీతాపతి ఆమెను చూశాడు. అతని ముఖంలోంచి నెలల బరువు దిగింది. "నిజంగానా హైమా?"

"నిజంగానే."

"నువ్వేమీ అనుకోవు కదా?"

"అనుకోను."

అంతే. ఆమెకు పాత సీతాపతి ఖాళీ అయ్యాడు. ఎదురుగా ఉన్నవాడు సంచి సర్దుకుని, "సరే, నేను వెళ్తున్నాను" అన్నాడు. ఆమె వెనక్కి పిలవలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. గేటు దగ్గర వకుళ కనబడగానే అతని నడక మెల్లబడింది. వకుళ చేయి పట్టుకుని, "వెళ్లొస్తానమ్మా" అన్నాడు. చేయి వదలడానికి చాలాసేపు పట్టింది.

ఆ తరవాత హైమావతి వకుళకు తల దువ్వడానికి కూర్చుంది. వకుళ గేటువైపు ముఖం పెట్టి, ఎప్పటిలాగే, "అన్నయ్య ఎప్పుడొస్తాడు వదినా, అన్నయ్య ఎప్పుడు" అంటోంది. ఆ 'ఎప్పుడు' తరవాత మాట రాలేదు. హైమావతి చిక్కు తీస్తున్న చేయి ఆపలేదు. ఇంకా వస్తుందేమోనని వింటూ పాయలు తీసింది, జడ అల్లింది, చివర రబ్బరుబ్యాండు వేసింది. తరవాత ముందుకు వచ్చి కూర్చుని ముఖం చూసింది. వకుళ వీధిని చూస్తోంది. వీధిలో ఒక కూరగాయల బండి వెళ్తోంది. ఆమె కళ్లు బండితోపాటు కదిలి, బండి పోయాక, అక్కడే ఉండిపోయాయి.

"వకుళా."

"ఊఁ."

"ఏం కావాలమ్మా?"

వకుళ ఆలోచించింది. "ఏం వద్దు" అంది.

సాయంత్రం సీతాపతి వచ్చినప్పుడు వకుళ గేటు తీసి, కొత్తవాళ్లకు దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకుంది. అతను "థాంక్సమ్మా" అని లోపలికి వచ్చాడు. చెప్పులు విప్పుతూ, ఏం జరిగిందో తనే గ్రహించి, హైమావతి అడగకముందే వివరించాడు. అతనికి అన్నీ గుర్తున్నాయి. చెల్లెలిని భుజాన ఎక్కించుకుని తీర్థానికి తీసుకెళ్లింది కూడా గుర్తుంది. అది కూడా చెప్పాడు, వరసలో వచ్చింది కాబట్టి. తరవాత, ఆశ్రమంవాళ్లకు ఇప్పుడు చోటు అక్కర్లేదని చెప్పేయవచ్చని, ఇంట్లో ఇబ్బంది ఏమీ ఉండదు కనక అని అన్నాడు. హైమావతి సరేనంది. ఆ మాట అక్కడికి ముగిసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అన్ని మాటలూ ముగుస్తున్నాయి. అడిగినవాటికి వెంటనే జవాబు వస్తుంది. కౌంటర్లో సీతాపతికి మంచి పేరు వచ్చింది. వకుళ తన స్నానం తనే చేస్తుంది. గేటు తీసి ఉన్నా బయటికి వెళ్లదు. ఎవరైనా పిలిస్తే ఊఁ అంటుంది. ఎవరినీ ఏమీ అడగదు.

ఒకరోజు పైవాటా మార్గరెట్ టీచర్ మెట్లు దిగుతూ ఆగింది. "ఎంత బుద్ధిమంతురాలైపోయిందండీ మీ ఆడపడుచు. ఇదివరకు మా ఇంటిదాకా వినపడేది. మందులు మార్చారా?"

"లేదండి. దానంతట అదే తగ్గింది" అంది హైమావతి.

"పోన్లెండి. మీరూ ఎంతకని చేస్తారు."

"అవునండి. ఇప్పుడు నయం."

టీచర్ వీధి మలుపు తిరిగేదాకా హైమావతి అక్కడే నిలబడింది. ఇప్పుడు నయం అంటున్నప్పుడు అది నిజం కాదని ఆమెకు స్పష్టంగా తెలుసు. లోపలికి వచ్చి, ఆ తెలిసినదేమిటో మళ్లీ తలుచుకోబోతే, అది చేతికి అందలేదు. కాసేపు వెతికింది. అది ఉండేచోట కూడా చల్లగానే ఉంది. అన్నం పొంగు వచ్చింది. వెళ్లి మూత తీసింది.